ఊరిని ప్రేమించే గైడు ఏం వదిలేస్తాడు?

ఈ మధ్య ఒక ప్రయాణం పెట్టుకుని, గైడ్ల మీద జనం రాసిన రివ్యూలు చదువుతూ సాయంత్రమంతా కూర్చుండిపోయాను. ఊళ్ళు వేరు, దేశాలు వేరు, రాసినవాళ్ళు వేరు. మాట మాత్రం ఒకటే. "ఈయనకి తన ఊరంటే ప్రాణం." "ఆవిడ మాటల్లో ఊరి మీద ప్రేమ పొంగిపొర్లుతోంది." ప్రేమ ఉందని వీళ్ళకి ఎలా తెలిసిందా అని చూస్తే కారణాలు కూడా దాదాపు అవే. గలగలా మాట్లాడాడు. ప్రతి రాయికీ ఒక కథ చెప్పాడు. కడుపుబ్బ నవ్వించాడు. ఒక్క నిమిషం కూడా బోరు కొట్టనివ్వలేదు.

అవన్నీ మంచి లక్షణాలే. నోరు విప్పని గైడు వెంట ఎండలో తిరగడం ఎంత విసుగో తిరిగినవాళ్ళకి తెలుసు. అయితే వాటిని ప్రేమకి గుర్తులుగా నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఊరి మీద ఏ అభిమానమూ లేనివాడు కూడా కాస్త మాటకారి అయితే చాలు, ఇవన్నీ చేసేయగలడు. బట్టీ పట్టిన వాక్యాన్ని ఇప్పుడే తట్టినట్టు చెప్పడం అలవాటు మీద వచ్చే విద్య.

గైడు ప్రేమ ఎంతో తెలుసుకోవాలంటే అతను ఏం వదులుకున్నాడో చూడాలని నా అభిప్రాయం. జనం నోరెళ్ళబెట్టి వినే కథ తెలిసి కూడా అది అబద్ధమని పక్కన పెట్టాడా? అందరూ ఫొటో కోసం ఎగబడే గుమ్మం ముందు ఆగకుండా నడిపించాడా? కమిషన్ ఇచ్చే కొట్టు వైపు తిప్పకుండా ఉన్నాడా? వీటిలో ప్రతిదానికీ అతని జేబుకో, పేరుకో ఎంతో కొంత చిల్లు పడుతుంది. నష్టపోతానని తెలిసీ చేశాడంటే అక్కడ ప్రేమ ఉందని నమ్ముతాను.

చేతులు నరికించిన రాజు

తాజ్‌మహల్ దగ్గర వినిపించే కథ తెలిసిందే కదా. ఇలాంటిది ఇంకొకటి కట్టకూడదని షాజహాన్ పనివాళ్ళ చేతులు నరికించాడన్న కథ. దీనికి ఆ కాలపు ఆధారం ఏదీ లేదు. తాజ్ వాస్తుశిల్పిగా చరిత్రకారులు చెప్పే ఉస్తాద్ అహ్మద్ లాహోరీ పేరే ఢిల్లీ ఎర్రకోట దగ్గరా వినిపిస్తుంది. 1639లో ఇదే షాజహాన్ ఢిల్లీలో ఏకంగా కొత్త రాజధానికి పని మొదలుపెట్టించాడు. చేతులు నరికే రాజు పిలిస్తే ఏ మేస్త్రి వస్తాడు?

మాస్కో వెళ్తే సెయింట్ బాసిల్ చర్చి ముందు మళ్ళీ ఇదే. ఇంత అందమైనది ఇంకోచోట లేవకుండా ఇవాన్ జారు చక్రవర్తి శిల్పి కళ్ళు పీకించాడట. ప్రాగ్ పాత టౌన్‌హాల్ గడియారం కింద నిలబడినా ఇదే. ఇంకో ఊరికి అలాంటిది చేసిపెట్టకుండా హనుష్ అనే గడియారాల మేస్త్రిని ఊరి పెద్దలే గుడ్డివాణ్ణి చేశారట. ఆ గడియారాన్ని 1410లో చేసినవాడు కాడాన్ ఊరి మికులాష్ అని తేలి చాలాకాలమైంది.

కట్టినవాణ్ణి పాడుచేసిన రాజు కథ ఎక్కడికి పోయినా బతుకుతుంది. పేర్లు మారిస్తే చాలు. అందుకే ఊరి మీద ప్రేమ ఉన్నవాడికి ఇది చెప్పబుద్ధి కాకూడదంటాను. ఇందులో ఆగ్రా లేదు, మాస్కో లేదు, ప్రాగ్ లేదు. ఆగ్రాలోనే చూపించగలిగినవి వేరే ఉన్నాయి. తాజ్ మీది ఖురాన్ వాక్యాల అక్షరాలను దిద్దిన అమానత్ ఖాన్ తన పేరునీ సంవత్సరాన్నీ అక్కడే రాసుకున్నాడు. రాళ్ళు చెక్కిన పనివాళ్ళు చిన్న చిన్న బొమ్మలు, గీతలు తమ గుర్తులుగా చెక్కి వదిలారు. ఎవరి చేతులు పోయాయని మనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటామో, వాళ్ళ చేతులతో పెట్టిన గుర్తులు ఆ రాళ్ళ మీదే ఉన్నాయి. వాటిని దాటించి తీసుకుపోయి ఆ కథ చెబుతుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పనివాడి మీద జాలి చూపిస్తున్నామనుకుంటూ పనివాడి సంతకాన్ని చూడకుండా వస్తున్నాం.

ఈ జబ్బు ఈనాటిది కాదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీసు దేశమంతా తిరిగి రాసిపెట్టిన పౌసనియస్ ఆర్గోస్ ఊరి గైడ్లను ప్రస్తావిస్తాడు. ట్రాయ్ నుంచి వచ్చిన ఎథీనా విగ్రహం తమ దగ్గరే ఉందని ఆ ఊళ్ళో చెప్పేవారు. తాము చెప్పేదంతా నిజం కాదని ఆ గైడ్లకీ తెలుసు, అయినా చెబుతూనే ఉంటారు, పదిమంది నమ్మినదాన్ని మార్చడం తేలిక కాదు మరి అంటాడాయన. తప్పంతా గైడు నెత్తిన వేయకుండా పదిమందినీ కలిపాడు చూడండి, అది నాకు నచ్చింది. పర్యాటకుడు కథ ముందే విని వస్తాడు. విన్నదాన్నే గైడు నోట ఇంకోసారి, ఇంకాస్త మసాలాతో వినాలనుకుంటాడు. కాదంటే ముఖం చిన్నబుచ్చుకుంటాడు.

ఆ చిన్నబోయిన ముఖాన్ని దగ్గర నుంచి చూశాను. ఒక పాత కోటలో, గోడ అడుగున ఉన్న చీకటి రంధ్రం దగ్గరికి రాగానే మా గుంపులో ఒక పెద్దాయన "ఇదేనా బాబూ సొరంగం? నది దాకా పోతుందట కదా" అని అడిగాడు. గైడు పాతికేళ్ళు కూడా నిండని కుర్రాడు. "మా నాయనమ్మ కూడా అలాగే చెప్పేదండి, రాజుగారు గుర్రం మీద ఇందులోంచే తప్పించుకున్నారని. చిన్నప్పుడు నేను లోపలికి దూరి చూశాను. నాలుగు అడుగులు వేస్తే గోడ తగిలింది. ఇది నీళ్ళు పోయే తూమండి" అన్నాడు. పెద్దాయన ఉత్సాహం నీరుగారిపోయింది. వెనక ఇద్దరు ఫోన్లు తీసి చూసుకోవడం మొదలుపెట్టారు.

ఆ కుర్రాడు తొణకలేదు. గుంపులో ఉన్న ఒక పాపను పిలిచి తూము పక్క గోడని వేలితో తడమమన్నాడు. రాయి నున్నగానే ఉంది గానీ పాప భుజం ఎత్తున తెల్లగా, గరుకుగా ఒక చార ఉంది. మోకాలి ఎత్తున ఇంకొకటి, దాని కింద ఇంకా పల్చగా మరొకటి. "నీళ్ళు ఎక్కువకాలం నిలిచిన చోట సున్నం పేరుకుంటుందమ్మా. పైన ఉన్నది నిండు వానల నాటి మట్టం. కింద ఉన్నది ఎండలప్పటిది. మధ్యలో ఎంత దూరం ఉందో జానతో కొలువు" అన్నాడు. పాప కొలిచింది. ఆ కొలతలో తగ్గిన నీళ్ళతో కోటలో ఎంతమంది, ఎన్ని పశువులు కాలం వెళ్ళదీయాలో అతను చెబుతుంటే ఫోన్లు జేబుల్లోకి వెళ్ళాయి. ఇందాకటి పెద్దాయన వంగి తనూ తడిమి చూశాడు. రాజు పారిపోయిన కథ చెప్పి ఉంటే ఆ చారలకి టైమ్ ఉండేది కాదు. వదిలిన కథ స్థలంలోనే అవి కనిపించాయి.

నాయనమ్మ చెప్పింది సంస్కృతి కాదా?

ఇదంతా చెప్తే ఒక స్నేహితురాలు నన్ను గట్టిగానే నిలదీసింది. జానపద కథలంటే ఆమెకి పిచ్చి. "ఊరంటే రాళ్ళూ సున్నమూనా? ఆ సొరంగం కథ ఎన్ని తరాలుగా ఎంతమంది పిల్లల్ని నిద్రపుచ్చిందో. అది ఊరి సంస్కృతి కాదా? నువ్వు చెప్పినట్టు చేస్తే గైడు నోట్లో తవ్వకాల రిపోర్టు తప్ప ఏమీ మిగలదు."

ఇది తేలిగ్గా తోసేసే మాట కాదు. నేను కొన్నాళ్ళు దీని మీదే ఆలోచించాను. ఆమె చెప్పినదాంట్లో చాలా నిజం ఉంది. ఊరివాళ్ళు తమ గురించి తాము ఏం నమ్ముతారన్నది కూడా ఊరి చరిత్రే. కథలన్నీ ఏరి పారేస్తే మిగిలేది ప్రేమ కాదు, సర్వే.

ఆ కుర్రాడు నిజానికి ఏం చేశాడో మళ్ళీ గుర్తు చేసుకున్నాను. కథను దాచలేదు. నాయనమ్మ చెప్పేదన్నాడు, గుర్రంతో సహా చెప్పాడు. అది కథ అని చెప్పి, ఎవరి కథో కూడా చెప్పాడు. అతను వదిలింది ఆ కథను జరిగిన సంగతిగా అమ్ముకునే అవకాశాన్ని మాత్రమే. నాయనమ్మ అలాగే ఉంది, తూమూ అలాగే ఉంది.

క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఈజిప్టు వెళ్ళిన గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్‌కి పిరమిడ్ మీది రాతను ఒక దుబాసీ చదివి చెప్పాడు. కట్టినవాళ్ళకి ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లి కోసం 1,600 టాలెంట్ల వెండి ఖర్చయిందని అందులో రాసి ఉందట. ఆ దుబాసీకి నిజంగా ఆ లిపి చదవడం వచ్చా, లేక దూరం నుంచి వచ్చిన పెద్దమనిషి మెచ్చే మాట ఏదో ఒకటి చెప్పాడా అన్న అనుమానం చాలామందికి ఉంది. అయినా హెరోడోటస్ ఒక మంచి పని చేశాడు. ఇది నాకు గుర్తున్నంతవరకు దుబాసీ చదివి చెప్పిన మాట అని ఎవరు చెప్పారో రాసిపెట్టాడు. అందుకే ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా మనం ఆ మాటను ఎంత నమ్మాలో మనమే తేల్చుకోగలుగుతున్నాం. గైడు దగ్గర నేను కోరేది కూడా ఇంతే. ఎవరు చెప్పారో చెప్పు, ఎంతవరకు తెలుసో చెప్పు, తర్వాత నీ ఇష్టం వచ్చినంత రసవత్తరంగా చెప్పు.

నా స్నేహితురాలు దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. "ఇది కథే" అని ముందే అనేస్తే వినేవాడి ఒళ్ళు గగుర్పొడవదంటుంది. కావచ్చు. నాకు మాత్రం ఆ కుర్రాడి నాయనమ్మ మీద గౌరవం పెరిగింది, తగ్గలేదు.

అరిగిన ముక్కు

మాటతో పోయేది మాటే కదా అని వదిలేయడానికి లేదు. గైడు నోటి నుంచి వచ్చిన మాటకి రాయి, కంచు కూడా అరుగుతాయి. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో గ్రేఫ్రయర్స్ బాబీ అనే కుక్క విగ్రహం ఉంది. యజమాని సమాధిని 14 ఏళ్ళు కాపలా కాసిందని పేరు పడ్డ ఆ కుక్క 1872లో చనిపోయింది, మరుసటి ఏడాదే విగ్రహం పెట్టారు. నూరేళ్ళకి పైగా దాని ముక్కు నల్లగానే ఉంది. మొన్నమొన్న, ముక్కు రుద్దితే అదృష్టం అనే "ఆచారం" ఒకటి పుట్టుకొచ్చి పర్యాటకులందరికీ పాకింది. 2013లో ముక్కు బాగుచేయిస్తే మళ్ళీ రుద్ది రుద్ది మెరిపించేశారు. ముట్టుకోవద్దని ఆ ఊరివాళ్ళు మొత్తుకుంటూనే ఉన్నారు. అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో జాన్ హార్వర్డ్ విగ్రహం బూటుదీ ఇదే గతి. అక్కడి విద్యార్థులు తరతరాలుగా రుద్దుతున్నారని చెబితే నమ్మి రుద్దేది వచ్చిపోయేవాళ్ళే.

గుంపు చేత ఏదో ఒకటి చేయించాలి, చేయిస్తే గుర్తుంటుంది అన్నది గైడ్లకి బాగా తెలిసిన కిటుకు. అందులో తప్పులేదు. పాప చేత గోడ తడిమించిన కుర్రాడూ చేసింది అదే. తేడా ఏంటంటే ఒక పాప ఒకసారి సున్నం చార మీద వేలు పెడితే తెలిసేది ఉంది. రోజూ వేలమంది ముక్కు రుద్దితే తెలిసేది ఏమీ లేదు, పోయేది ముక్కు. నిజానికి ఆ తూము గోడ కూడా అంతమంది తడిమితే మిగలదు. ఆ కుర్రాడు ప్రతి గుంపులోనూ ఒక్కరినే పిలుస్తాడని, మిగతావాళ్ళని చూడమంటాడని తర్వాత మాటల్లో తెలిసింది. పెద్దాయన మాత్రం అడక్కుండానే వంగేశాడు.

మనుషులు ఉంటున్న చోట

కోటలో అయితే రాళ్ళే. ఊళ్ళో మనుషులుంటారు. ఇక్కడే నాకు అన్నిటికంటే ఎక్కువ పట్టింపు.

ఊరి ప్రాణం సందుల్లో ఉంటుందని ప్రతి గైడూ అంటాడు. నిజమే, సందుల్లోనే ఉంటుంది. అందుకే అక్కడికి తీసుకెళ్తాడు. ఒకరు తీసుకెళ్తే ముచ్చట. యాభై మంది గైడ్లు, ఒక్కొక్కరి వెనక ముప్ఫై మంది, చేతిలో మైకు, నెత్తిన ఎత్తి పట్టుకున్న గొడుగు, రోజుకి పదిసార్లు వస్తే అక్కడ కిటికీ తెరుచుకుని బతకాల్సినవాడికి అది నరకం. ఆమ్‌స్టర్‌డామ్ 2020లో రెడ్‌లైట్ వీధుల్లో సెక్స్ వర్కర్లు నిలబడే కిటికీల ముందు గైడెడ్ టూర్లను నిషేధించింది. పాత బస్తీలో గుంపుకి 15 మందే అంది. వెనిస్ 2024లో గుంపుకి 25 మంది దాటకూడదని, మైకులు వాడకూడదని రూలు పెట్టింది. జపాన్‌లో క్యోటోలోని గియోన్ వాడవాళ్ళు అదే ఏడాది తమ సొంత సందుల్లోకి పర్యాటకులు అడుగుపెట్టొద్దన్నారు, వస్తే 10,000 యెన్ల జరిమానా అని బోర్డులు పెట్టారు. దారిన పోయే గెయిషాల (సంప్రదాయ ఆటపాటల కళాకారిణుల) వెంటపడి ఫొటోలు తీసేవాళ్ళతో విసిగిపోయి చేసిన పని అది.

ఈ మూడు ఊళ్ళలో ఎవర్నడిగినా తమ గైడ్లకి ఊరంటే ప్రేమే అంటారు. ప్రేమ ఉండి కూడా రూలు పెట్టేదాకా వచ్చిందంటే ఆ ప్రేమ దేని మీదో అడగాల్సి వస్తుంది. ఊరంటే గోడలూ వంతెనలూ అనుకున్నప్పుడు అందులో ఉన్న మనిషి సీన్‌లో ఒక భాగం అయిపోతాడు. అతను చొక్కా లేకుండా వాకిట్లో కూర్చునే హక్కు పోతుంది.

ఒక గైడమ్మ ఈ చిక్కుని దాటిన పద్ధతి నేనెప్పటికీ మర్చిపోను. ఒక పాత నగరంలో, ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న సందు మొదట్లో మమ్మల్ని ఆపింది. ఆ సందు గురించి చెప్పాల్సిందంతా మెయిన్ రోడ్డు మీదే, బండ్ల రొదలో గొంతు పెంచి మరీ చెప్పేసింది. ఆ తర్వాత "ఇక్కణ్ణుంచి ఆ మలుపు దాకా నేను మాట్లాడను. మీరూ మాట్లాడకండి. ఫోన్లు జేబుల్లో పెట్టుకోండి. మలుపు దాటాక ఏం గమనించారో నేనే అడుగుతాను" అంది. నడిచాం. ఒక గుమ్మంలో ముసలాయన చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. మేం పక్కనుంచే వెళ్ళినా తల ఎత్తలేదు. అలవాటైన చప్పుడు ఏదో వెళ్ళినట్టు కుట్టుకుంటూనే ఉన్నాడు.

మలుపు దాటాక ఆమె అడిగితే తలో మాట చెప్పారు. గుమ్మాలన్నీ ఎత్తుగా ఉన్నాయని ఒకరు, ఎదురెదురు ఇళ్ళకి తలుపులు సరిగ్గా ఎదురెదురుగా లేవని ఇంకొకరు. రెండోదానికి ఆమె ముఖం వెలిగిపోయింది. సందు ఇరుకు కాబట్టి ఒకరి ఇంట్లోకి ఇంకొకరి చూపు పడకుండా అలా కట్టుకున్నారని వివరించింది. ఎదుటివాడి ఇంట్లోకి చూడకూడదన్న మర్యాద ఆ గోడల్లోనే ఉంది. ఆ మర్యాదని మా చేత కూడా పాటింపజేసి, ఆ తర్వాత దాని గురించి చెప్పింది.

అందరికీ నచ్చలేదు. మా గుంపులోనే ఒకాయన, డబ్బు తీసుకున్నది మాట్లాడటానికి కదా, మౌనవ్రతానికి టికెట్ ఏంటి అని విసుక్కున్నాడు. ఆయన కోపానికీ అర్థం ఉంది. ఆమె తన పేరు మీదికి తెచ్చుకున్న నష్టం అది. తెలిసే తెచ్చుకుంది.

ఊరివాడెవరు?

"లోకల్ గైడు" అనగానే అక్కడే పుట్టి పెరిగినవాడై ఉండాలని మనం ఆశిస్తాం. దీనిలో నాకు సందేహం ఉంది. పుట్టిన ఊరి మీద అభిమానం ఒక్కోసారి కళ్ళు మూస్తుంది. మా ఊరి రాజు మంచివాడు, మా ఊరి గొడవలన్నీ బయటివాళ్ళు పెట్టినవే అనే ధోరణి స్థానిక గైడ్ల దగ్గరే ఎక్కువ విన్నాను. తన ఊరికి చెడ్డపేరు తెచ్చే నిజాన్ని చెప్పకుండా దాటవేయడం ప్రేమే అని వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్ముతారు. వాళ్ళ బాధ అర్థమవుతుంది. ఒప్పుకోవడం మాత్రం కష్టం. అబద్ధపు కథ వదులుకోవడం కంటే అబద్ధపు గొప్ప వదులుకోవడం కష్టమైన పని.

బెర్లిన్ మ్యూజియాల్లో 2015 చివర్లో ముల్తకా అనే కార్యక్రమం మొదలైంది. సిరియా, ఇరాక్‌ల నుంచి యుద్ధం తరిమితే వచ్చినవాళ్ళకి శిక్షణ ఇచ్చి, అరబిక్‌లో గైడ్లుగా పెట్టారు. ఆ మ్యూజియాల్లో ఒకచోట అలెప్పో నగరంలోని ఒక ఇంటి గది చెక్కగోడలు ఉన్నాయి, 17వ శతాబ్దం మొదట్లోవి. అలెప్పో నుంచి వచ్చినవాళ్ళు బెర్లిన్‌లో వాటి ముందు నిలబడాల్సి వస్తే ఎవరు లోకల్, ఎవరు కాదు? లండన్‌లో ఇల్లు లేక వీధుల్లో బతికినవాళ్ళు తాము తిరిగిన వీధుల్నే చూపించే టూర్లు 2010 నుంచి నడుస్తున్నాయి. వాళ్ళు లండన్‌ని పొగడాలని ఎవరూ ఆశించరు. ఏ మెట్ల మీద వాన పడదో, ఏ బెంచీకి పడుకోకుండా మధ్యలో ఇనుప కడ్డీ పెట్టారో తెలిసినవాడు చూపించే ఊరు పోస్టుకార్డులో ఉండదు. ఊరు తనని తోసేసినా ఆ ఊరిని ఇంత దగ్గరగా గమనించడం నా లెక్కలో ప్రేమే.

పరీక్ష పెట్టి లైసెన్స్ ఇస్తే సరిపోతుందంటారు కొందరు. లండన్‌లో గైడ్లకిచ్చే బ్లూ బ్యాడ్జ్ అనే అర్హత కోసం దాదాపు రెండేళ్ళు చదవాలి. ఆ చదువు మీద నాకు గౌరవమే. అమెరికాలో మాత్రం ఇది కోర్టుల దాకా వెళ్ళింది. వాషింగ్టన్‌లో 100 ప్రశ్నల పరీక్ష ఉండేది. మాట్లాడటానికి పరీక్షేంటని గైడ్లు వేసిన కేసులో 2014లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది ఇంకో అప్పీలు కోర్టు న్యూ ఆర్లీన్స్ లైసెన్సుని నిలబెట్టింది. వాషింగ్టన్ తీర్పులో ఒక మాట ఉంది. గైడు నాసిరకం అయితే రివ్యూ సైట్లు ఉండనే ఉన్నాయి, జనమే చెప్పుకుంటారని. నన్ను ఆపేసిన మాట ఇదే. పరీక్ష సంవత్సరాలు తెలుసా అని అడుగుతుంది, రివ్యూ మజా వచ్చిందా అని అడుగుతుంది. గుమ్మం ముందు ఆగకుండా నడిచావా అని రెండూ అడగవు. నేనైతే పరీక్ష ఉండాలనే అంటాను, ఎందుకంటే సంవత్సరాలు తెలియనివాడు ఏ కథ వదలాలో కూడా తెలుసుకోలేడు. దానితోనే పని అయిపోయిందంటే మాత్రం ఒప్పుకోను.

వదులుకోవడానికి అయ్యే ఖర్చు

ఇక నా వాదనకి అసలు చిక్కు. వదులుకోమని చెప్పడం తేలిక. ఎవరి డబ్బు?

చాలా నగరాల్లో ఇప్పుడు "ఫ్రీ టూర్లు" నడుస్తున్నాయి. టికెట్ ఉండదు, చివర్లో తోచింది ఇవ్వొచ్చు. మొదట్లోనే గుంపుగా ఫొటో తీస్తారు. జ్ఞాపకం కోసం అనుకుంటాం. కొన్నిచోట్ల అది తలలు లెక్కపెట్టడానికి. వచ్చిన ఒక్కో మనిషికి ఇంత అని గైడే కంపెనీకి కట్టాలి. చివర్లో జనం చేతులు ముడుచుకుని వెళ్ళిపోతే ఆ రోజు అతనికి ఎదురు ఖర్చు. ఇలాంటి లెక్కలో ఉన్న మనిషిని చేతులు నరికిన కథ చెప్పకు, గుంపుని చిన్నది చేసుకో, సందులో నోరు మూసుకో అనడానికి నాకు నోరు రాదు. కమిషన్ కొట్టు సంగతీ అంతే. జీతం లేని చోట కమిషనే జీతం.

డబ్బు అసలు లేకుండా చేసే దారి ఒకటి ఉంది. 1992లో న్యూయార్క్‌లో మొదలైన గ్రీటర్ల పద్ధతి. ఊరివాళ్ళే స్వచ్ఛందంగా వచ్చి తమ వీధుల్ని చూపిస్తారు, టిప్పు తీసుకోరు, గుంపుకి ఆరుగురు దాటరు. ఇప్పుడది చాలా దేశాలకి పాకింది. ఆరుగురే కాబట్టి సందులోకి వెళ్ళినా ఎవరికీ ఇబ్బంది లేదు, డబ్బు లేదు కాబట్టి కట్టుకథ అవసరం లేదు. నేను చెప్పే ప్రేమకి ఇదే అసలైన రూపం అని అనుకోవాలనిపిస్తుంది. అలా అనుకోలేకపోతున్నాను. ఊరికే తిప్పగలిగేవాడు వేరే ఆదాయమో, పెన్షనో ఉన్నవాడు. ఊరి కథ చెప్పే పని వాళ్ళకే మిగిలితే ఊరు వాళ్ళ కళ్ళతోనే కనిపిస్తుంది. తూము చూపించిన కుర్రాడికి ఆ స్తోమత లేదు. ప్రేమ ఉందని జీతం ఎగ్గొట్టే పద్ధతి టీచర్ల దగ్గరా, నర్సుల దగ్గరా చూస్తూనే ఉన్నాం. గైడు దగ్గరా అదే పని చేయడం నాకు ఇష్టం లేదు.

ఆ కుర్రాణ్ణి టూర్ అయిపోయాక అడిగాను. సొరంగం లేదని చెప్పిన రోజు టిప్పులు తగ్గుతాయా అని. "తగ్గుతాయండి. పిల్లలున్న గుంపు అయితే అంత తగ్గవు, వాళ్ళకి గోడ నచ్చుతుంది" అన్నాడు. మరి ఎందుకు చెబుతావంటే, పక్క ఊళ్ళ నుంచి బడిపిల్లలు కూడా వస్తారని, వాళ్ళు ఇక్కడ విన్నదే రేపు తమ పిల్లలకి చెబుతారని అన్నాడు. కొత్తగా ఒక ఏజెన్సీ మనిషికి ఇంత అని కాకుండా టూరుకి ఇంత అని ఇస్తోందట. గుంపు పెద్దదైనా చిన్నదైనా అతనికి వచ్చేది అంతే కాబట్టి చివర్లో ఎవరి ముఖంలోకీ చూడాల్సిన పని లేదు, ఎవరినైనా కాదనడానికి భయం లేదు. అది వచ్చాక మనసు తేలిక పడిందన్నాడు.

అప్పటి నుంచి నేను గైడుని మాట్లాడుకునే ముందు రెండు విషయాలు అడుగుతున్నాను. గుంపులో ఎంతమంది ఉంటారు, మీకు డబ్బు తలకి ఇస్తారా టూరుకి ఇస్తారా అని. రెండోది అడిగితే కొందరు ఇబ్బంది పడతారు, కొందరు ఆశ్చర్యంగా చూస్తారు. టూరుకి ఇచ్చేవాళ్ళ దగ్గర రేటు ఎక్కువే ఉంటుంది. అదే కడుతున్నాను.